మిద్దె మీద అత్తరు చొక్కాలు

మొన్న ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో అమ్మాయి నా ముందు జాకెట్టు గుడ్డ పరిచి, "వాసన సూడండి మేడం, మల్లెపూల సెంటు గుడ్డలోనే పట్టించినారు, ఎన్నిసార్లు ఉతికినా పోదు" అంది. ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో గుడ్డను పక్కకు నెట్టేశాను. "ఈ వాసన పడనోళ్లు కుట్టాలంటే ఎట్లమ్మా?" అని అడిగాను. "మంచి వాసన పడనోళ్లు ఎవురుంటారు మేడం!" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పడని మనిషి మా ఇంట్లోనే ఉంది.

మాది జమ్మలమడుగు. నాయన క్రైస్తవ మిషనరీల బడిలో అయ్యవారు, అమ్మ వసారాలో కుట్టుమిషన్ పెట్టుకొని వీధికంతా బట్టలు కుట్టేది. వేసవిలో పెన్న ఎండిపోయి ఇసుకగాలి వీధుల్లోకి కొడుతుంటే, పిల్లలం మిషన్ చుట్టూ చేరి, కింద రాలిన పేలికలు ఏరి బొమ్మలకు చీరలు కట్టి, అచ్చనగాయలు ఆడుతూ, ఆ టకటక చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. క్రిస్మస్‌కు అమ్మ చేసే కజ్జికాయలు పక్కింటి ఖైరూన్ అత్తకూ, రంజాన్‌కు అత్త కాచే పాలసేమ్యా మాకూ తిరిగి తిరిగి, చివరికి ఏ గిన్నె ఎవరిదో తేలేది కాదు.

అవి పార్టీల రోజులు. ఇద్దరు నాయకుల మధ్య ఊరు నిలువునా చీలి, ఒక సగం పెద్దాయనదీ, ఇంకో సగం అవతలాయనదీ అయింది. టీ అంగళ్లు వేరు, మంగలి అంగళ్లు కూడా వేరు. పులివెందుల బస్సులో గోనెసంచి కింద కొడవళ్లు గలగలమంటే కండక్టరు కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఏ మిద్దె మీద ఏ రంగు గుడ్డ ఎగిరితే ఆ ఇల్లు ఆ పార్టీది. మా వీధిలో ఏ గుడ్డా లేని మిద్దె మాదొక్కటే. "మనం ఎవరి మనుషులమూ కాము" అని నాయన గట్టిగా చెప్పేవాడు.

ఎన్నికల నామినేషన్ ముందర పెద్దాయన మనిషి ఓబులేసు, ఊరేగింపుకు చొక్కాలు కుట్టమని తమ పార్టీ రంగు చిలకపచ్చ తానులు తెచ్చి వసారాలో దించాడు. ఊరేగింపులో తన మనుషులు పెండ్లివారిలా గుబాళించాలని పెద్దాయనకు ఒక పిచ్చి. తానులకు అత్తరు పట్టించి, ట్రంకుపెట్టెల్లో మగ్గబెట్టి మరీ పంపించాడు.

"అప్పా, ఈ వాసన నాకు పడదు. ఉతికి కుడతా" అంది అమ్మ.

"ఉతికితే ఇంగ అత్తరెందుకు? గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన!" అని ఓబులేసు పగలబడి నవ్వాడు. కుట్టనని చెప్పే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికుంది?

అమ్మ ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని కుట్టింది. కళ్లు వాచాయి, గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి, ఒక చొక్కా కుట్టి వీధిలోకి వచ్చి గోడ పట్టుకొని నిలబడేది. చూడలేక నాయనే కుట్టిన చొక్కాలన్నీ మిద్దెక్కించి, కాస్త వాసన విరుగుతుందని దండెం మీద ఆరేశాడు. మధ్యాహ్నం గాలికి మా మిద్దె నిండా చిలకపచ్చ ఎగిరింది.

అవతలాయన జీపు మా వాకిట్లో ఆగింది.

"ఏంది సారూ, ఎప్పుడు కలిసినావు వాళ్లల్లో?"

మొదటి రాయి మిషన్ మీద పడింది. చొక్కాలు లాగేద్దామని అమ్మ మెట్ల మీదికి పరుగెత్తి, సగంలోనే ఊపిరి అందక కూలబడింది. "నువ్వు ఎక్కలేవు, ఉండు" అని నాయన ఆమెను దాటి ఎక్కాడు. చొక్కాలు చంకలో కుక్కుకొని, "కూలికి కుట్టినవప్పా, ఆరేసినాం, అంతే!" అని అరుస్తున్నాడు. బాంబు పిట్టగోడకు తగిలింది. పొగ, మందువాసన, దాని మీదుగా అత్తరు. నాయన కుడిచెయ్యి మోచేతి దగ్గర తోలుకు వేలాడుతోంది. అయినా దిగివస్తున్నాడు. ఇద్దరు మెట్లెక్కి కొడవళ్లతో అమ్మ కళ్లముందే, నా కళ్లముందే నరికారు. నేను అరిచానా లేదా నాకు తెలియదు. వాళ్ల మీద కోపం నాకు ఈ రోజుకీ చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

మర్నాడు పెద్దాయన వచ్చి శవపేటిక మీద పార్టీ జెండా కప్పి, అత్తరు చల్లించి, "మా సారు పార్టీ కోసం ప్రాణమిచ్చినాడు" అని ఏడ్చాడు. ఎవరి మనుషులమూ కామన్న మనిషి పచ్చజెండా కింద సమాధుల తోటకు పోయాడు. వద్దని చెప్పడానికి అమ్మకు ఊపిరి ఆడలేదు. పార్టీ ఆఫీసు గోడకు నాయన పటం ఎక్కింది, ఏడాదికొకసారి దండ పడేది.

ఇప్పుడు బాంబులు లేవు, జెండాల మిద్దెలు లేవు, పేలికలేరే పిల్లలూ లేరు. రెండు వర్గాలూ ఒకే పార్టీలో కలిసి, ఆ ఇంటి కొడుకు ఈ ఇంటి కూతుర్ని చేసుకున్నాడు. మా మెట్లెక్కినవాడొకడు ఆ ఆఫీసులోనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడట. బట్టల అంగడి నుంచి వస్తూ దారిలో ఆగి చూస్తే గోడ మీద నాయన పటం లేదు. అడిగాను. "వియ్యంకులు వచ్చిపోయే సోటమ్మా, బాగుండదని తీసేసినాం. యాడ పెట్టినారో ఏమో" అన్నాడొక కుర్రాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

"పోనీలే" అంది అమ్మ. "ఇన్నాళ్లకు మీ నాయన మనోడయినాడు."