పప్పు ఉడికే నీళ్ళు

ఇల్లు అమ్మిపెట్టడానికి నేను ఎంచుకున్న మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అరవైల మొదట్లో సంగతి. జువ్వలదిన్నె దగ్గర ఉప్పు కొఠారులో గుమాస్తాగా ఉన్న నాకు నెల్లూరు బియ్యం మిల్లులో పని దొరికింది. నేనక్కడ అద్దె గదిలో, హోటలు సాంబారు మీద. మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు ఇక్కడ. అమ్మకం పని మీద సెలవు పెట్టి వచ్చాను. ఈ ఇల్లు అమ్ముడుపోతే తప్ప అక్కడ కాపురం పెట్టలేం. బడులు తెరిచేలోగా అందరం ఒకచోట ఉండాలని మా ఆవిడ గడువు పెట్టింది.

మొదట వచ్చినవాడు కళాయి సాయిబు. ఇంటింటి పెరట్లో కూర్చుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తూ, ఎవరికి ఇల్లు కావాలో, ఎవరు అమ్ముతారో విని బేరాలు కుదురుస్తుండేవాడు. మా ఇల్లంతా ఒక్క మాట మాట్లాడకుండా తిరిగి చూసి, చివరికి నోరు విప్పాడు. "వంటింటి మూల కారతా ఉండాదయ్యా. వెనక గోడ చెమ్మెక్కింది."

అమ్మిపెట్టమంటే ఇంటికి రోగాలు అంటగడతాడా! మర్యాదగానే పంపించేశాను.

రెండోవాడు సైకిలు మీద తిరిగే బ్రోకరు. వాడి నోటి ధాటి చూసి ముచ్చటపడ్డాను. కోతలు కోయడంలో మా ఊళ్ళో నాకూ పేరుంది. సొరచేప ఒకటి ఒడ్డుకొచ్చి నన్ను అగ్గిపెట్టె అడిగిందని చెబితే, "ఇచ్చినావా?" అని అడిగినవాళ్ళున్నారు. సాటి విద్వాంసుడు కదా అని పని వాడికే అప్పజెప్పాను.

వాడు కావలి నుంచి ఒక రిటైరైన మేష్టారిని తీసుకొచ్చాడు.

"పెంకుల మీదికెక్కి చూస్తే కృష్ణపట్నం రేవులో ఓడలు కనపడతాయి సార్!" అన్నాడు.

మేష్టారు కళ్ళజోడు సర్దుకుని, "నిచ్చెన ఉందా?" అని అడిగారు.

ఎక్కారు కూడా. ఆయనకు కనిపించింది సరుగుడు తోపు, రెండు కాకులు. దిగేటప్పుడు నాలుగు పెంకులు పగిలాయి. అప్పటికైనా ఊరుకోవాలా వద్దా? వాడు ఆయన్ను బావి దగ్గరికి లాక్కుపోయాడు.

"ఈ నీళ్ళు తాగి ఒక ముసలాయనకి ఊడిపోయిన పళ్ళు మళ్ళీ మొలిచినాయి సార్."

"ఏడీ, చూపించు."

"చచ్చిపోయినాడు సార్."

మేష్టారు చెప్పులు తొడుక్కున్నారు. సముద్రానికి అంత దగ్గర్లో తియ్యటి నీళ్ళున్న బావి మాదొక్కటే. ఆ ఇంటికున్న సొత్తంతా అదే. నేను వీధి చివరిదాకా పరుగెత్తాను.

"మేష్టారూ, పళ్ళ మాట వదిలేయండి. నీళ్ళు మాత్రం నిజంగా తియ్యగా ఉంటాయి. ఒక్క గుక్క తాగి చూడండి!"

"ఓడలు కనపడినంత నిజమే కదా!" అని వెళ్ళిపోయారు.

నేనూ అబద్ధాలు చెబుతాను, కాదనను. నేను చెబితే విన్నవాడు ఇంకో గంట కూర్చుంటాడు. వీడు చెబితే లేచిపోతున్నాడు! మా ఇంటికున్న ఒక్క నిజాన్నీ అబద్ధాల్లో కలిపేశాడు దుర్మార్గుడు. ఇల్లంతా దద్దరిల్లేలా అరిచాను.

"అబద్ధమంటే మీకింత కోపం ఎప్పటినుంచండీ?" అంది మా ఆవిడ.

ఆమే సాయిబుకు కబురు చేసింది. ఆయన వచ్చి, ఒక బిందెడు నీళ్ళు తోడివ్వమని అడిగి, ఆ బిందెను సైకిలు వెనక కట్టుకున్నాడు.

"ఇల్లు అమ్మమంటే నీళ్ళు అమ్ముకుంటావా సాయిబూ?" అన్నాను.

"పక్కూళ్ళో వలలు, తాళ్ళు అమ్మే షావుకారు ఇల్లు వెతుకుతా ఉండాడయ్యా. వాళ్ళ బావి ఉప్పునీళ్ళు. ఎంత మంట పెట్టినా కందిపప్పు ఉడకదు. ఆయన ఇంటామె రోజూ పొయ్యి కాడ తిట్టుకుంటా ఉండాది. ఈ నీళ్ళతో ఒక పూట వండుకోమంటా."

మర్నాడు పొద్దున్నే సాయిబు వెంట షావుకారు, ఆయన భార్య వచ్చారు. ఆవిడ నేరుగా బావి దగ్గరికి నడిచింది. నేను నోరు తెరవబోయాను.

"ఓడలు చూపించిన ఇల్లు ఇదేనా?" అని సాయిబును అడిగింది. ఆ కథ అప్పుడే పక్కూరు చేరిపోయింది! "నిన్న పప్పు మెత్తగా ఉడికిందిలే. ఆ నీళ్ళు ఈ బావియ్యేనా, యాడనుంచన్నా తెచ్చి ఇచ్చినారా?"

తోడి చూపిద్దామని చేద అందుకున్నాను.

"మీరు రవంత దూరంగా నిలబడండన్నా" అంది.

నా బావి! నా చేద! ఆవిడే తోడుకుంది. దోసిట్లో పట్టి పుక్కిలించి ఉమ్మింది, మళ్ళీ పట్టి తాగింది. ఈలోగా షావుకారును సముద్రపు గాలి చూద్దాం రమ్మని ముందు వసారాలోకి తిప్పబోయాను. సాయిబు వాళ్ళిద్దరినీ తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయి, కారే మూల, చెమ్మెక్కిన గోడ వేలు పెట్టి చూపించాడు. వాణ్ణి ఆ బావిలోనే తోసేద్దామనిపించింది.

షావుకారు భార్య పైకి చూసింది. "పెంకులైతే మార్పించుకుంటాం. నీళ్ళు మార్పించుకోలేం గదా" అని, మా ఆవిడ వైపు తిరిగింది. "ఎప్పుడు ఖాళీ చేస్తారక్కా?"

అడిగిన వెంటనే ఖాళీ చేస్తే మన పరువేం కావాలని నేను గొంతు సవరించుకున్నాను. పదిహేను రోజులు పడుతుందని చెప్పబోతున్నాను.

"బడి తెరవడానికి నాలుగు రోజులే ఉండాయి. ఎల్లుండే బండి కట్టిస్తాం" అంది మా ఆవిడ. నా వైపు చూడను కూడా చూడలేదు.