నర్సయ్య సార్ పిండి కొండలు

మొన్న క్లాసులో గాజుపెట్టెలో గోధుమపిండి, పసుపు పొరలు పొరలుగా పోస్తుంటే ఆ ఘాటుకు తుమ్మొచ్చింది. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నర్సయ్య సార్ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. సూరత్‌లో, లింబాయత్ తెలుగు బడిలో మాకు భూగోళం చెప్పింది ఆయనే. ఇదే ఊళ్ళో ఇవాళ నేను కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతున్నానంటే ఆ పుణ్యం ఆయనదే.

ఎనిమిదో తరగతిలో, కొండలు ఎలా పుడతాయో చేసి చూపమన్నారు. మగ్గాల ఇంటి పిల్లను కదా, నాన్న పవర్‌లూమ్ నుంచి తెచ్చిన గుడ్డముక్కలు దొంతరగా పేర్చి రెండువైపులా నెట్టాను. మడతలు ముద్దుగా లేచాయి. సార్ పకపకా నవ్వారు.

"ఏందే, కొండ జేస్తున్నవా, చీరె మడత వెడ్తున్నవా? బట్ట వంగుతది బిడ్డా. రాయి జరసేపు వంగుతది, ఓర్సుకుంటది, ఆనక ఇరుగుతది."

మర్నాడు ఆయనే గాజుపెట్టెలో పిండి, పసుపు పోసి, చెక్కతో ఒకవైపు నుంచి మెల్లగా నెట్టారు. పొరలు ఉబ్బి, ఉన్నట్టుండి వాలుగా చీలి, ఒక పక్క రెండో పక్క మీదికెక్కింది.

"సముద్రం అడుగు నేల ఖండం కిందికి దూరుతాంటే, పైన కొండల నడుమ లోయలు గిట్లనే నలుగుతయి. నెట్టేది మనకు కనవడది. చీలినంకనే కనవడ్తది."

సరిగ్గా అలాంటి లోయ మీదే, ఆండీస్ కొండల నడుమ, నేను పరిశోధన చేశాను. అది పూర్తయిన ఆదివారం ఊళ్ళోనే గోడాదరాలో ఉన్న సార్ ఇంటికి పరుగెత్తాను. లోయలో పేరుకున్న పొరలు ఎక్కడ వాలాయో, ఎక్కడ తెగాయో గంటసేపు ఊకదంపుడు ఉపన్యాసం దంచాను. సార్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని విన్నారు. నుదుట చెమట. ఉక్కపోత అనుకున్నాను.

"ఏ చీలిక ముందుగాల కదిలింది?" అని అడిగారు.

ఇక నా నోరు ఆగితేనా!

మర్నాడు పొద్దునే గుండె ఆగి పోయారు.

దినాలైన తర్వాత సార్ భార్య రాజవ్వ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "నువ్వచ్చేటాళ్ళకే నొస్తాందన్నడు బిడ్డా. దవాఖానకు పోదామంటే, 'పిల్ల జెప్పేది ఒడవనీ' అన్నడు. నువ్వు పోయినంక, 'పొద్దువోయింది, తెల్లారి పోదాం' అన్నడు."

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రాళ్ళలో ఏనాటి ఒత్తిడినో చదివేదాన్ని, మూరెడు దూరంలో ఉన్న మనిషి ముఖం చదవలేకపోయాను. కళ్ళుండీ గుడ్డిదాన్నయ్యాను.

ఇప్పుడు పాఠం మధ్యలో ఎవరి ముఖం కాస్త వాడినా ఆపేసి, ఏమైందని అడుగుతాను. "కుఛ్ నహీ, మేడమ్" అని, ఏమీ లేదన్నట్టు తలూపుతారు. రెండోసారి అడగందే ముందుకు కదలను. సార్‌ను ఒక్కసారి కూడా అడగలేదు.