చిత్రిక పిడి

పాత పనిముట్లంటే నాకు పిచ్చి. సెలవు రోజున ఇక్కడ గల్ఫులో, సత్వాలోని మా రూములో వాళ్ళంతా బిర్యానీ వండుకుంటుంటే, నేను మాత్రం ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మే సామాన్లలో ఉలులూ రంపాలూ వెతుక్కుంటూ తిరుగుతాను. వారమంతా ఫర్నిచర్ షాపులో కరెంటు మిషన్లతో వేగేవాడికి చేతి పనిముట్టు కనబడితే ప్రాణం లేచొస్తుంది. "తుప్పు భాయ్ వచ్చాడ్రా" అని రూమంతా ఎగతాళి. చేసుకోనీ, నాకేం!

కరోనా సద్దుమణిగాక ఒకసారి ఫోనులో ప్రకటన చూసి సముద్రపొడ్డునున్న ఖోర్ ఫక్కాన్ వెళ్ళాను. గుంటూరు వైపు వాళ్ళ ఇల్లు. తల్లి ఆసుపత్రిలో నర్సు, ఆఖరి వారం డ్యూటీలో ఉందట. కొడుకొక్కడే మంచాలూ ఫ్రిజ్జూ మిక్సీ బేరానికి పెట్టుకుని కూర్చున్నాడు. మూలన ఒక కొయ్యపెట్టె. మూత ఎత్తానో లేదో నా మొహం వెలిగిపోయింది. ఉలులు, ఒక రంపం, నల్లగా నిగనిగలాడే పిడితో, కొయ్యను నున్నగా గీసే టేకు చిత్రిక!

"మా నాన్నయి భాయ్. పోర్టులో వడ్రంగం చేసేవాడు. కరోనా మొదట్లోనే పోయాడు. కార్గోవాడు బరువును బట్టి గుంజుతున్నాడు, ఈ ఇనుమంతా ఎవడు మోస్తాడు? ఖలాస్, తీసుకుపో" అన్నాడు.

ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని బేరమైనా ఆడకుండా ఎత్తుకొచ్చాను.

సాయంత్రం రూములో చిత్రిక పిడికి ఉప్పుకాగితం పట్టించాను. ఏ పనిముట్టు తెచ్చినా ముందు పిడి మీది పాత జిడ్డు గీకి, కొత్త కొయ్యలా తేలిస్తేగాని నాకు అన్నం సహించదు. ఇది ఓ పట్టాన లొంగలేదు. ఏళ్ళ తరబడి చెమటతో, అరచేతి రాపిడితో గట్టిపడిన నలుపు. నేనూ మొండివాణ్ణే. బొటనవేలు ఆనే చోట పడిన గుంటతో సహా చదును చేసి తెల్లగా తేల్చాను. అందరికీ చూపించి మురిసిపోయాను కూడా.

ఆ తర్వాత ఉలి తీస్తే చేతికి జిడ్డు తగిలింది. వాసన చూశాను. వామ్మో, తలకు రాసుకునే కొబ్బరినూనె! ఉలికి ఎవడైనా తలనూనె పూస్తాడా అని తిట్టుకున్నాను. అంతలోనే ఒక సంగతి తట్టింది. ఖోర్ ఫక్కాన్ సముద్రగాలికి ఇనుము వారం తిరక్కుండా ఎర్రబడుతుంది. మనిషి పోయి ఇంత కాలమైనా వీటి మీద తుప్పు మచ్చయినా లేదు. నూనె ఇంకా తడిగానే ఉంది.

కొడుక్కి ఫోన్ చేశాను. "ఈ ఉలులకి నూనె పూసేది ఎవురబ్బయా?"

"అమ్మ, భాయ్. డ్యూటీ లేని రోజు ఆ పెట్టె ముందేసుకుని కూర్చుంటది. కార్గోలో పంపేశానని చెప్పా. నువ్వేం చెప్పమాకు."

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. కన్నతల్లికి అంత అబద్ధమా!

మర్నాడు షాపు ముదీర్‌కి, అదే మేనేజరుకి, కడుపునొప్పని చెప్పి, పెట్టె మోసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆమే తలుపు తీసింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. పెట్టెను చూసింది, నన్ను చూసింది, వెనక నిలబడ్డ కొడుకును చూసింది.

"పొరపాటున నా దగ్గరికి వచ్చిందమ్మా, తెచ్చేశా" అన్నాను.

ఆమెకు అంతా తెలిసిపోయినట్టే ఉంది. అయినా కొడుకును ఒక్క మాట అనలేదు. అక్కడే నేల మీద కూర్చుని మూత తీసి, నేరుగా చిత్రిక అందుకుంది. కళ్ళు మూసుకుని పిడి చుట్టూ వేళ్ళు బిగించింది. బొటనవేలితో తడుముకుంది. మళ్ళీ తడుముకుంది. కళ్ళు తెరిచింది.

"మా ఆయన చెయ్యి ఏది బాబూ?" అంది.

కొడుక్కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పిడి గీకితే రాలిన ఆ నల్లటి పొడిని, పొద్దున బయలుదేరే ముందు, నేనే శుభ్రంగా ఊడ్చి చెత్తబుట్టలో పోసి వచ్చాను.