వెంకటరమణప్ప తాత ఇంగ్లీషు బేరం

మా గని లైన్ ఇళ్లలో వెంకటరమణప్ప తాత తెలుగులో తింటాడు, తెలుగులో తిడతాడు, ఇంగ్లీషులో మాత్రమే కొంటాడు. బంగారు గని స్టోర్సులో ఒక ఆంగ్లో ఇండియన్ ఆఫీసరు కింద పనిచేసినప్పుడు అంటుకున్న జబ్బు అది. గని మూతబడింది, జబ్బు నయం కాలేదు.

ధర ఎక్కువైతే "ఆర్మ్ అండ్ లెగ్!" అంటాడు. చెయ్యీ కాలూ తీసిచ్చేంత ఖరీదని అర్థం. అనడంతో ఆగితే బాగుండేది. ఆండర్సన్‌పేట మార్కెట్‌లో టమోటాల అక్కయమ్మ కేజీ అరవై అనగానే, చొక్కా మడిచి చెయ్యి కాటా మీద పెట్టాడు.

"ఆర్మ్ తూకం వేసుకో తల్లీ. లెగ్ రేపు తెస్తాను."

అక్కయమ్మ కాటా మీద అంకె చూసింది. "కేజీన్నర ఉండాది. ఎముకలు తీస్తే పావు కేజీ రాదు. యాబైకి తీసుకోపో సామీ, నా గిరాకీలు బెదిరి పోతా ఉండారు."

ఇంకోసారి చెప్పుల అంగట్లో "డేలైట్ రాబరీ!" అన్నాడు, పట్టపగలు దోపిడీ అని. ఎదురుగా టీ తాగుతున్న కానిస్టేబుల్ లాఠీతో పరుగెత్తుకొచ్చాడు.

"దొంగ యాడ?"

"ఈ అట్టపెట్టె మీద ఉండాడు సార్. ఆరు వందల తొంభై తొమ్మిది."

కానిస్టేబుల్ ధర చూసి, "నిజమే కదప్పా," అని అంగడాయన వైపు లాఠీ ఊపాడు.

నేను ఎనిమిదితో బడి మానేశాను. నలుగురు నావైపు చూస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకే మార్కెట్‌లో ఆయన వెనకే నిలబడి, ఆయన తెగ్గొట్టిన ధరకే వేలు చూపించి కొనుక్కొచ్చేదాన్ని.

ఈ ఏడు మా ఆవు చచ్చిపోయింది. పాలు అమ్మితేనే మా ఇల్లు గడుస్తుంది. అమ్మ చీటీ ఎత్తి నలభై వేలు కొంగున ముడేసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆవని ఊళ్లో జరిగే పశువుల జాతరకు బయలుదేరింది. ఆ డబ్బుతో మంచి ఆవు దొరక్కపోతే ఇక అంతే. బేరానికి తాతను పిలిచింది. నాకు అక్కడే తల కొట్టేసినట్టయింది.

పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. టవల్ కప్పి, దాని కింద వేళ్లు పట్టి చెబుతారు. లక్షల వ్యాపారం, చప్పుడుండదు.

దళారి మునిశంకర్ ఒక సంకరజాతి సీమ ఆవును చూపించాడు. కుండంత పొదుగు. టవల్ కప్పి తాత వేళ్లు నాలుగు నొక్కాడు. తాత ముక్కు పట్టుకుని ఎగిరాడు.

"పేయింగ్ త్రూ ది నోస్! ముక్కుపిండి నలభై వేలా!"

"మెల్లిగప్పా! టవల్ ఏంటికి కప్పినాం ఇంగ?"

"దీన్నే పిగ్ ఇన్ ఎ పోక్ అంటారు. సంచిలో పందిని చూడకుండా కొనేది!"

"ఇది పంది కాదప్పా, ఆవు!"

"సంచి ఉండాది కదా!" అని తాత టవల్ లాగి గాల్లో ఊపాడు.

చుట్టుపక్కల టవళ్ల కిందినుంచి చేతులన్నీ బయటికొచ్చాయి. సంతంతా తాత నోరే చూస్తోంది. ఆయన ఎడమ చెయ్యి మాత్రం వీపు వెనకనుంచి నన్ను ఆవు వైపు తోస్తోంది.

నన్నెవరూ చూడటం లేదు. కూర్చుని పొదుగు పట్టాను. మూడు చన్నుల్లో పాలొచ్చాయి. నాలుగోది రాయి. రెండు పూటలు పిండకుండా పొదుగు ఉబ్బించి తెచ్చారు.

"తాతా, ఒక చన్నులో పాలు రావడం లేదు," అని గొణిగాను.

"చెవి మందం పాపా. గట్టిగా చెప్పు."

మూడిళ్ల అవతల చిల్లర కింద పడితే ఎవరిదో చెప్పే చెవి అది.

"ఒక చన్ను చచ్చిపోయినాది!" అని అరిచేశాను.

మునిశంకర్ "దూడ కొరికినాది, రెండు దినాల్లో..." అని నసిగేసరికి సంత గొల్లుమంది. టేకల్ నుంచి వచ్చిన గోపాలప్ప అనే రైతు ముందుకొచ్చాడు. "మా ఆవును పిండి చూసుకో పాపా. టవల్ వద్దు." నాలుగు చన్నులూ పిండాను. బకెట్‌లో నురగ లేచింది. ముప్పై ఎనిమిది వేలకు బేరం తెగింది.

"నీకు పశువులు కూడా తెలుసునా అప్పా?" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

"నాకేం తెలుసమ్మా? నాకు అరిచేదే తెలుసు. చూసేది నీ కూతురికి తెలుసు. జనం నన్ను చూస్తా ఉంటే అది నిమ్మళంగా చూసుకుంటాది. మార్కెట్లోనూ ఇంతే కదా."

ఆవును తీసుకెళ్లడానికి టెంపో నడిపే హేమంత్ రెండు వేలు అన్నాడు. తాత నోరు తెరిచాడు.

"అంత యాడన్నా ఉండాదా అన్నా? పన్నెండు నూర్లు," అన్నాను నేను.

తాత తెరిచిన నోరు మూసేశాడు. నేను పదిహేను నూర్లకు తెగ్గొట్టేదాకా బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, ముఖం ఎర్రగా చేసుకుని, ఇంగ్లీషును లోపలే పట్టుకుని నిలబడ్డాడు.

టెంపో కదిలాక, ఆవు వెనక నిలబడ్డ తాత ఇక ఆగలేకపోయాడు. ఏదో ఒకటి గట్టిగా అరిచాడు. అదేమిటో ఇప్పటికీ తెలియదు. ఆవు బెదిరి, తోకతో ఆయన నోటిమీద ఒక్కటిచ్చింది.