ఈగలకు చెప్పలేని మాట

డల్సీ బెసెల్ ఏం చెప్పాలన్నా ముందు వేలి కణుపుతో మూడుసార్లు తడుతుంది. మోల్ క్రీక్‌లో తేనెపెట్టెలు పెట్టుకున్న ఇళ్ళలో చావైనా, పెళ్ళైనా, జబ్బైనా పెట్టె తట్టి ఈగలకు చెప్పాలి. చెప్పకపోతే అలిగి లేచిపోతాయి. అబద్ధం చెప్పినా అంతే. నలభై ఏళ్ళ అలవాటు వేలికి పట్టుకుంది. పోస్టాఫీసు బల్ల మీద తడుతుంది. చర్చిలో ముందు బెంచీ మీద తడుతుంది. దగ్గర్లో ఏమీ లేకపోతే మొగుడు క్లారీ బట్టతల మీద తడుతుంది.

అండాశయంలో కేన్సర్ అని తెలిసిన రోజు కూడా తిన్నగా పెట్టెల దగ్గరికే వెళ్ళింది. క్లారీ వాటి వెనక కూర్చుని, ఈగల్ని శాంతపరిచే పొగడబ్బాలో ఎండాకులు కూరుతున్నాడు. అతనికి అలా తెలిసింది.

"ఈగలకు చెప్పావు. నాకు చెప్పలేదు."

"నువ్వు ఎగిరిపోవుగా."

కీమో మొదటిసారి బాగా పనిచేసింది. ఏడాదిన్నరకు జబ్బు తిరిగొచ్చింది. ఈసారి అదే మందు పచ్చి నీళ్ళతో సమానమైంది. లాన్సెస్టన్ ఆస్పత్రిలో డాక్టర్ ఇంగ్రిడ్, మనవరాలి వయసు పిల్ల, కొత్త మందు ప్రయోగంలో ఒక చోటు మిగిలిందని చెప్పింది. మందు తగిలినప్పుడు కణాన్ని చచ్చిపొమ్మనే జన్యువు చెడిపోలేదట. కేన్సర్ దాని మీద చిన్న చిన్న రసాయనపు గుర్తులు అంటించి నోరు మూయించిందట. కొత్త సూది ఆ గుర్తుల్ని ఊడదీస్తుంది. అప్పుడు పాత మందు మళ్ళీ పనిచేయవచ్చు. చేయకపోవచ్చు కూడా.

సులువుగా అర్థం కావాలని డాక్టరు తేనెటీగలను ఎత్తుకుంది. గుడ్లన్నీ ఒకటే. రాణిమేత పెడితే రాణి అవుతుంది, లేకపోతే పనిచేసే ఈగ. లోపల రాసింది మారదు, అందులో ఏది చదవాలో చెప్పే గుర్తులే మారతాయి. డల్సీ పది నిమిషాలు తేనెటీగల గురించి ఓపిగ్గా తెలుసుకుంది. తర్వాత బల్ల మీద మూడుసార్లు తట్టింది.

"మొదటి మూడు రోజులు పిల్లపురుగులన్నిటికీ అదే మేత పిల్లా. ఆ తర్వాతే తేడా."

డాక్టరు రాసుకుంది.

ఇంటికి వచ్చేటప్పుడు డల్సీ దారంతా అదే లెక్క వేసింది. మేతతో గుర్తులు మారేటట్టయితే ఆ మేత తన పెరట్లోనే ఉంది. మర్నాటి నుంచి రాణి పెరిగే గదులు విప్పి, పిల్లలు ఆడుకునే చిట్టి చెంచాతో రాణిమేత తెల్లటి ముద్ద తీసి సీసాలో దాచింది. రోజూ కాస్త నాలుక కింద పెట్టుకునేది. పులుపు, పైగా ఘాటు. మొహం వంకరపోయేది.

"నువ్వు రాణివైతే నేనేమవుతాను?" అన్నాడు క్లారీ.

"పోతుటీగవి. చలికాలం ముందు పనిచేసే ఈగలు వాటిని గూట్లోంచి గెంటేస్తాయి. ఇది ఏ నెలో చూసుకో."

ఫిబ్రవరి. భూమికి ఆ కొసన అది వేసవి చివర, ఇంకా గడువుంది. అయినా ఆ వారం గిన్నెలన్నీ క్లారీయే కడిగాడు.

సంతకాల రోజు నర్సు కాగితం ముందు పెట్టింది. వేరే మందులు, ఇంటివైద్యాలు, టానిక్కులు ఏమైనా వాడుతున్నారా? వాడేవాళ్ళను చేర్చుకోరు. ఆ చోటు కోసం ఇంకొకామె కూడా చూస్తోందని నర్సు మాటల్లో అంది. డల్సీ 'లేదు' అని రాసింది. ముందు తట్టలేదు.

సాయంత్రం పెట్టెల దగ్గరికి వెళ్ళింది. మొదటి పెట్టె తట్టింది. చోటు దొరికిందని చెప్పాలి. అబద్ధంతో వచ్చిందని ఎలా చెబుతుంది? రెండోది తట్టింది. మూడోది తట్టింది. వరసగా ఇరవై రెండు పెట్టెలూ తట్టింది. అన్నిట్లోనూ ఈగలు కబురు కోసం కాచుక్కూర్చున్నాయి.

వెనక పొగడబ్బాతో క్లారీ.

"వాటికి తెలుసులే. నువ్వు తిన్నది వాటి సొమ్మేగా."

"చెబితే చోటు పోతుంది క్లారీ."

"చెప్పకుండా సూది వేయించుకుని నీకు నయమైందనుకో. ఏది పనిచేసిందో వాళ్ళకు తెలియదు. నీ తర్వాత వచ్చే ఆడమనిషి సంగతేంటి?"

డల్సీ అతని తల మీద మూడుసార్లు తట్టింది. ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి తలుపు తెరవకముందే అద్దం మీద తట్టింది. డాక్టరుకు అంతా చెప్పింది. డాక్టరు కాగితం మీద ఆమె రాసిన 'లేదు' కొట్టేసింది. రెండు వారాలు ఆ మేత మానేసి మళ్ళీ రక్తపరీక్షకు రమ్మంది. అంతవరకు చోటు ఆపమని పైవాళ్ళను అడుగుతానంది, మాట మాత్రం ఇవ్వలేనంది. డల్సీ తలూపి, సంచీలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. కాస్త ఆలోచించి చెంచా కూడా పెట్టింది.

"పై అరలో దాచు పిల్లా. నాకు అందనంత ఎత్తులో."