మార్తమ్మ ఆంటీ మీద నా నిఘా

యాభైమంది ఎదుట, చేతిలో సమోసా ప్లేటు పట్టుకుని, నాకు జ్వరమొస్తే రెండు పూటలా జావ కాచిపెట్టిన పెద్దావిడ మీద కుట్ర నేరం మోపిన ఘనుణ్ణి నేనే. ఆ రోజు నేల చీలి ఉంటే సంతోషంగా దూకేవాణ్ణి. చీలలేదు. అందుకే ఇప్పుడు మీకు ఇదంతా చెప్పుకోవాల్సి వస్తోంది.

అప్పటికి దేశ రాజధానిలో మేముండే మయూర్ విహార్‌కి మెట్రో రాలేదు, నాకు బుద్ధీ రాలేదు. ఇరవై మూడేళ్ళవాణ్ణి. నర్సుగా చేసే మా అక్క ఇంట్లో ఉంటూ గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి. సెలవు దొరికితే కంప్యూటర్ ముందు కూలబడి ఒకే ఆట ఆడేవాణ్ణి. అందులో నాది అయిదుగురి దండు. కత్తివీరుడు, విలుకాడు, మంత్రగాడు, తాళాలు తీసే దొంగ, గాయాలు మాన్పే ఒక అమ్మగారు. అందర్నీ వెంటేసుకుని అడవులూ గుహలూ దాటి, చివరికి శత్రురాజు కోట పట్టాలి.

నేను నెలరోజులూ ఆ దొంగ మీదే ఓ కన్నేసి ఉంచాను. తీరా కోట గుమ్మం దగ్గర తేలిందేమిటయ్యా అంటే, శత్రువు గూఢచారి ఆ గాయాలు మాన్పే అమ్మగారు! మందు రాస్తూ నా కవచం కొలతలు అడిగినప్పుడైనా నాకు అనుమానం రాలేదు; ఆ చేత్తోనే తలుపు తీసి మమ్మల్ని అప్పగించేసింది. ఏడుపొక్కటే తక్కువ. ఆ మంటలో నోట్‌బుక్ తీసి జీవిత పాఠాలు రాసుకున్నాను. అడక్కుండా సాయం చేసేవాళ్ళను నమ్మకు. నీ కవచం కొలతలు అడిగారంటే గూఢచారులే. వాళ్ళు దెబ్బ తీసేలోపే నువ్వు తియ్యి.

ఆటకి ఆ పాఠాలు బాగానే ఉన్నాయి. నేను వాటిని మా అపార్ట్‌మెంట్ మెట్ల మీదకి తెచ్చాను.

మా తెలుగు చర్చిలో ఒక అలవాటుంది. నవంబరు చివర్లో అందరి పేర్లతో చీటీలు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళకి మనం ‘క్రిస్మస్ ఫ్రెండ్’. నెలరోజులు బయటపడకుండా వాళ్ళకోసం ప్రార్థన చేయాలి, చేతనైన మేలు చేయాలి. పండగ ముందు ఆదివారం అందరి ఎదుటా లేచి బహుమతి ఇవ్వాలి. చీటీలు తీసిన రోజు నేను కోట ముట్టడిలో ఉండి చర్చి ఎగ్గొట్టాను. అక్క తిరిగొచ్చి, కుర్చీకి తగిలించిన నా కోటు పక్కన నిలబడి ఏదో చెప్పింది. చెవులకి హెడ్‌ఫోన్లు. “ఊఁ” అన్నాను.

కింది అంతస్తులో మార్తమ్మ ఆంటీ ఉండేది. నరసాపురం వైపు మనిషి, మా అక్క ఆసుపత్రిలోనే పెద్ద నర్సు. ఆ వారమే మెట్ల దగ్గర నన్ను ఆపింది.

“అబ్బాయ్, ఇటు తిరుగు. ఛాతీ ఎంతుంటదేంటి నీకు? ముప్ఫై ఎనిమిదుంటదా?”

“ఎందుకాంటీ?”

“ఊరికేలే నాయనా.”

ఊరికే ఎవరైనా ఛాతీ కొలత అడుగుతారా? మీరే చెప్పండి. అంతకుముందు ఏడాది ఆవిడ మా చర్చిలో ఇద్దరు కుర్రాళ్ళకి పెళ్ళిళ్ళు కుదిర్చింది. ఇద్దరూ అప్పటిదాకా నాలాగే హాయిగా బతికినవాళ్ళు. ఇది పెళ్ళి సూటు కొలతే, సందేహం లేదు! పెళ్ళంటే ముందు పోయేది నా కంప్యూటర్. పైగా ఆవిడా అక్కా వంటింట్లో గుసగుసలాడటం, నేను అక్కడికి వెళ్ళగానే “అచ్ఛా, ఠీక్ హై” అంటూ ఆంటీ లేచిపోవడం!

నిఘా మొదలెట్టాను. “సంచీ ఇవ్వండాంటీ, నేను మోస్తాను” అంటూ రోజూ బస్‌స్టాప్ దాకా వెంటపడ్డాను. ఆదివారాలు కూరగాయల బజారుకీ నేనే. సరోజినీ నగర్ మార్కెట్‌కి వెళ్తానంటే అక్కడికీ తయారయ్యాను. ఒక ఊలు దుకాణం ముందు ఆవిడ ఆగి, “నువ్వెళ్ళి చాట్ తినిరా నాయనా, నేను ఈ భయ్యాతో మాట్లాడాలి” అంది. నన్ను తప్పిస్తోంది! నోట్‌బుక్‌లో అదీ ఎక్కింది.

పండగ ముందు ఆదివారం. ఆరాధన అయ్యాక హాల్లో అందరూ సమోసాలు పట్టుకుని కూర్చున్నారు. “మొదట ఎవరు బయటపడతారు?” అన్నారు పాస్టరుగారు. మార్తమ్మ ఆంటీ ఒక పొట్లంతో లేచి సరాసరి నావైపు చూసింది. పొట్లంలో అమ్మాయి ఫోటో ఉందని నాకు తెలిసిపోయింది.

“ఆగండాంటీ! మీ ప్లాన్ మొత్తం నాకు తెలుసు!”

“ఏం ప్లానయ్యా?”

“కొలతలు, గుసగుసలు, అన్నీ రాసిపెట్టాను. నాకు పెళ్ళొద్దు. మీ మేనకోడలెవరో గానీ, వేరే సంబంధం చూసుకోండి!”

ఆంటీ నెమ్మదిగా పొట్లం విప్పింది. చేత్తో అల్లిన మెరూన్ స్వెటర్.

“నాకు మేనకోడళ్ళు లేరు నాయనా. చీటీలో నీ పేరొచ్చింది.”

“నేను చీటీలే తియ్యలేదుగా!”

“నీ బదులు నేను తీశాన్రా వెధవా!” అని అరిచింది అక్క. “నీ కోటు జేబులో పెట్టానని చెప్తే ఊఁ అన్నావు!”

నెలంతా ఆ కోటే తొడుక్కుని తిరిగాను. జేబులో చెయ్యి పెడితే బస్సు టికెట్ల మధ్య మడత చీటీ. విప్పాను. ‘మార్తమ్మ’ అని ఉంది.

సిగ్గుతో నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఆంటీ, నేను మీకేమీ తేలేదు...”

“తేకపోతే ఏం? నువ్వే నా ఫ్రెండువని మొదటి వారంలోనే కనిపెట్టేశాను. లేకపోతే నెల్లాళ్ళు నా సంచీ మోసుకుంటూ ఎవడు తిరుగుతాడు? మోకాళ్ళకి ఎంత సుఖంగా ఉందో!” అంటూ స్వెటర్ నా తలమీంచి దూర్చింది. భుజాలు సరిచేస్తూ చెవిలో అంది. “అయినా, పెళ్ళి మాట నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. మా వార్డులో ఓ నర్సు పిల్లుంది...”

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా జేబులు వెతుక్కోకుండా ఇక ఈ జన్మలో ఎవర్నీ అనుమానించను. ఈ వాక్యం నా చేత రెండుసార్లు రాయించిన ఆ వార్డు పిల్ల, నేను నిజంగా రాశానా లేదా అని ఇప్పుడే నా భుజం మీంచి తొంగిచూస్తోంది.