సమ్సోను సూర్యుడైతే పెళ్లికొడుకూ సూర్యుడే

నా చిన్నప్పుడు మా గరిడేపల్లి చర్చిలో, పెళ్లి కుదిరిన జంట పేర్లను మూడు ఆదివారాలు అందరి ముందు చదివేవారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. ఎవరూ లేచేవారు కాదు. పేర్లు చదవగానే కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత పాట. అందుకే పక్కింటి అక్క పేరు రెండోసారి చదివిన రోజు మగవాళ్ల వైపు నుంచి ఒకాయన లేస్తే, దగ్గు వచ్చి బయటికి పోతున్నాడనుకున్నాను. ఆయన బయటికి పోలేదు. తనకు అభ్యంతరం ఉందని గట్టిగా చెప్పాడు. ఆయన అక్కకు స్వయానా పెద్దబాపు, అంటే వాళ్ల నాన్నకు అన్న, మా సంఘానికి పెద్ద. పేర్లు చదివిన పాస్టరు మా తాతయ్య.

అభ్యంతరం పెళ్లికొడుకు నోటి నుంచి వచ్చిన ఒక మాట మీద. అంతకు ముందు వారం అక్కవాళ్ల ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. దానికి కోదాడ నుంచి పెళ్లికొడుకు కూడా వచ్చాడు. మిర్యాలగూడ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. ఆ రోజు బైబిల్లోని మహాబలుడు సమ్సోను కథను నేను చూడకుండా చెప్పాను. సింహాన్ని చీల్చడం, నక్కల తోకలకు దివిటీలు కట్టి చేలను తగలబెట్టడం, అతని బలమంతా ఉన్న ఏడు జడలను ప్రియురాలు దెలీలా గొరిగించడం, చివరికి అతను శత్రువుల గుడి స్తంభాలు కూల్చడం, ఏదీ వదల్లేదు. ఆయన మెచ్చుకుని నా తల నిమిరాడు. తర్వాత చాయ్ తాగుతూ, పక్కనున్న కుర్రవాళ్లతో, ఇదంతా పాతకాలపు సూర్యదేవుడి కథ అని కొందరు పండితులు అంటారని చెప్పాడు. సమ్సోను పేరులోనే సూర్యుడున్నాడట. జడలు కిరణాలట. దెలీలా రాత్రి అట. ఇష్టమైన పాఠం చెప్పే మాస్టరులా చెప్పాడే తప్ప, అందులో వెక్కిరింత లేదు. కానీ తెల్లారి ఆ మాట పెద్దబాపు చెవిన పడేటప్పటికి దానికి కొమ్ములు మొలిచాయి. బైబిలంతా కట్టుకథ అన్నాడని ఊరంతా పాకింది.

"దేవుని మాటను కథ అనెటోనికి మా పిల్లనెట్ల ఇస్తం?" అన్నది పెద్దబాపు ప్రశ్న.

ఒకసారి అభ్యంతరం లేస్తే, అది తీరేదాకా మూడోసారి పేర్లు చదవకూడదు. చదవకపోతే పెళ్లి లేదు. ఆడవాళ్ల వైపు చాప మీద అక్క తలమీది కొంగును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నేను ఆమె పక్కనే ఉన్నాను.

తాతయ్య శనివారం మధ్యాహ్నం అందరినీ చర్చికి రమ్మన్నాడు. తను కూర్చునే కుర్చీని పెళ్లికొడుక్కి వేయించాడు. పెద్దబాపుకు అది గిట్టలేదు.

"గీయనకు కుర్సీ ఎందుకు అయ్యగారూ?"

"నిలబెట్టి అడిగితే కోర్టు కచేరీ అయితది. కూసోబెట్టి అడిగితే సుట్టరికం అయితది" అన్నాడు తాతయ్య.

తర్వాత పెళ్లికొడుకును, ఆ రోజు చెప్పిందంతా ఒక్కటీ దాచకుండా మళ్లీ చెప్పమన్నాడు. ఆయన మొదట తడబడ్డాడు గానీ చెప్పాడు. కాలుతున్న తోకల నక్కలు చేలను మాడ్చే వేసవి అని, వెంట్రుకలు పోతే బలం పోవడం చలికాలపు ఎండ అని, చివరికి కూలిన రెండు స్తంభాలు పడమటి దిక్కున పగటిని ముగించే ద్వారమని, అన్నీ వివరించాడు. జనం గుసగుసలాడుతున్నారు. తాతయ్య మాత్రం ఒక్కసారి కూడా అడ్డుపడకుండా విన్నాడు.

"ఒకటి మర్సిపోయినవ్ బాబూ. సమ్సోను పుట్టిన జాగకు దగ్గర్లనే సూర్యుని పేరు మీద ఒక ఊరు గూడ ఉన్నది. అది గూడ జెప్పు, నీ వాదం ఇంక బలమైతది."

పెద్దబాపు నుదురు కొట్టుకున్నాడు. "అయ్యగారూ, మీరెటు దిక్కు?"

"జర ఆగు పెద్దాయనా. ఇప్పుడు నేను మన పెళ్లికొడుకు కథ జెప్త, ఇను."

పెళ్లికొడుకు సూర్యాపేటలో, అమ్మమ్మగారింట పుట్టాడు. ఇక తూర్పున ఉన్న కోదాడలో రోజూ లేస్తాడు. పొద్దున బస్సులో మన ఊరి మీదుగా పడమటికి, మిర్యాలగూడకు పోతాడు. కళ్లద్దాలు తళతళా మెరుస్తుంటే కిటికీలోంచి మనందరికీ దర్శనమిస్తాడు. వాగు పొంగిన వానరోజున కనిపించడు, అంటే మబ్బులు కమ్మాయన్నమాట. తాతయ్య ఇదంతా ప్రసంగం చేసే గొంతుతోనే, నవ్వకుండా చెప్పుకుంటూ పోయి, చివరికి పెళ్లికొడుకు నెత్తి వైపు చూశాడు.

"కిరణాలు గూడ జర పల్చబడ్డయ్. చలికాలం దగ్గరికొచ్చినట్టుంది."

చర్చి గోడలు అదిరేలా నవ్వారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది పెళ్లికొడుకే. నెత్తి తడుముకుంటూ మరీ నవ్వాడు.

"ఎన్నో తరాలు పోయినంక ఎవరో పండితుడు ఇదంత సదివి, గరిడేపల్లి పిల్లంటే భూమి, ఆమెను సూర్యుడు పెండ్లాడిండు, అసలు గా లెక్చరర్ అన్న మనిషే లేడు అని తేలుస్తడు. లేని మనిషి మీద నీకు అభ్యంతరమేంది పెద్దాయనా?"

పెద్దబాపుకు నవ్వు వచ్చింది. దాన్ని మీసాల కింద దాచుకోవడానికి ఆయన పడ్డ తంటాలు నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. కానీ నవ్వుతో వ్యవహారం తీరలేదు. పెళ్లికొడుకు ఊరుకునే మనిషి కాడు.

"పోలిక ఒక్కటే చాలదని ఒప్పుకుంటానండి. కానీ పోలిక ఊరికే రాదు కదా అయ్యగారూ?"

"రాదు" అని తాతయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "మన గొర్లకాపరి కథ జెప్తే గొంగడి వాసనొస్తది. ఎండల బతికినోళ్ల కథకు ఎండ వాసన రాదా? అంతమాత్రాన గొంగడే కథను కన్నదంటమా?"

పెళ్లికొడుకు ఓడిపోయానని అనలేదు. తాతయ్య అనిపించుకోవాలనీ చూడలేదు. పెద్దబాపు మాత్రం వదల్లేదు.

"గవన్నీ గాదు. నమ్ముతున్నవా లేదా, ఒక్క ముక్కల జెప్పు."

ఆ క్షణాన అవునంటే పెళ్లి ఖాయం. ఆ సంగతి పెళ్లికొడుక్కీ తెలుసు, చాప మీది అక్కకూ తెలుసు.

"దేవుణ్ణి నమ్ముతున్నాను. సమ్సోను గురించి ఇంకా అడుగుతున్నాను" అన్నాడాయన.

మళ్లీ కలకలం మొదలైంది. అప్పుడు అక్క లేచి నిలబడింది. ఆడపిల్ల తన పెళ్లి గురించి చర్చిలో లేచి మాట్లాడటం అంతకు ముందు ఎవరూ చూడలేదు. గొంతు సన్నగానే ఉన్నా మాట తడబడలేదు.

"సూర్యుడు మునిగితే తెల్లారి తనే లేస్తడు పెద్దబాపూ. ఎవర్నీ అడిగే పనిలేదు. సమ్సోను కండ్లు పోయి, జైల్ల తిరగలి విసిరి, ఒక్కసారి బలమియ్యమని దేవుణ్ణి అడుక్కున్నడు. గా అడుక్కున్న మొరనే నేను నమ్ముకున్న. ఈయన ఒక్క అబద్ధం జెప్తే ఈ పెండ్లి ఇప్పుడే ఖాయమైతుండె. చెప్పలే. నాకీయనే కావాలె."

పెద్దబాపు ఆమె వైపు చూశాడు, తర్వాత పెళ్లికొడుకు వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు దులుపుకుని లేచాడు.

"సరే, సదవుండ్రి అయ్యగారూ. ఏమయ్యా, అడగాలనిపిస్తే మా ఇంటికొచ్చి అడుగు. చాయ్ పోస్తం. పిల్లగాండ్ల ముంగట అడగకు!"

మర్నాడు తాతయ్య మూడోసారి పేర్లు చదివాడు. ఎవరూ లేవలేదు. ఆ పూట పాటలో పెద్దబాపు గొంతే అన్నిటికంటే పైన వినిపించింది.

ఇప్పుడు నేను ముసలిదాన్నయ్యాను. ఆదివారం బడిలో పాఠాలు చెబుతూ ఎన్నో తరాల పిల్లల్ని చూశాను. అదే సూర్యుడి వాదాన్ని ఈనాటి పిల్లలు ఫోన్లలో చూసి, కొత్తగా కనిపెట్టినట్టు కళ్లు మెరిపిస్తూ మోసుకొస్తారు. వాళ్ల నోరు మూయించమని తల్లిదండ్రులు నన్ను అడుగుతారు. నేను మూయించను. మొత్తం చెప్పనిస్తాను, వాళ్లు మరిచిపోయిన ముక్కను నేనే అందిస్తాను, ఆ తర్వాత నేను నమ్మేది చెబుతాను. సమ్సోను ఉన్నాడని, ఆయన మొర విన్న దేవుడు ఇవాళ కూడా వింటాడని నా నమ్మకం. ఈ వయసుకు అది మరింత గట్టిపడింది. తెలియనిది తెలియదని, నమ్మినది నమ్మానని, రెండూ ఒకే గొంతుతో చెప్పగలుగుతున్నాను. మా తాతయ్య మాకు పొలమూ పుట్రా ఏమీ మిగిల్చి పోలేదు. ఈ గొంతు మాత్రం ఆయనదే. ఆయన మనవరాలినని ఎక్కడైనా తలెత్తి చెప్పుకుంటాను.